తాగింది రాత్రి, పట్టుబడింది పొద్దున, పరువు పోయింది మధ్యాహ్నానికి

అనంతపురం నుంచి ఒక పాఠకుడు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు, కాలనీ, స్కూలు ఏవీ వేయొద్దన్నారు. ఆయనకు 38 ఏళ్లు. సొంత వ్యానులో పిల్లల్ని స్కూలుకు తీసుకెళ్లి దింపడం, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం ఆయన పని. పదకొండేళ్లుగా ఇల్లు దాని మీదే నడుస్తోంది.

నార్పల వైపు అత్తగారి ఊర్లో దేవర జరిగింది. పొట్టేలు కోశారు, చుట్టాలంతా చేరారు. రాత్రి పన్నెండు దాకా బామ్మర్దులతో కూర్చుని ఒక క్వార్టరు, ఆ మీద ఒక బీరు తాగారు. ఐదు గంటలు నిద్రపోయి, తెల్లవారుజామున బైకు మీద అనంతపురం వచ్చి, తలస్నానం చేసి, టీ తాగి వ్యాను తీశారు. ఇద్దరు పిల్లలు ఎక్కారు. 7:20కి పోలీసులు ఆపి మిషన్‌లోకి ఊదమన్నారు. 48 వచ్చింది.

గొట్టం కొత్తది పెట్టమంటే కోప్పడ్డారట. ఇంకోసారి ఊదుతానంటే వద్దన్నారట. స్లిప్పు ఇవ్వలేదు. లైసెన్సు తీసుకుని, స్టేషన్‌లో పదకొండున్నర దాకా కూర్చోబెట్టి, సంతకం పెట్టించుకుని, కోర్టుకు ఎప్పుడు రావాలో కబురు చేస్తామని పంపారు. అన్న వచ్చి అడిగినా వ్యాను ఇవ్వలేదు, మూడు రోజుల తర్వాత ఇచ్చారు. పిల్లల్ని ఎవరో ఆటోలో స్కూలుకు పంపారు.

ఈలోగా ఆయన ఊదుతుండగా పక్కనున్న ఎవరో సెల్‌లో వీడియో తీశారు. అందులో ఆయన ముఖం, వ్యాను నంబరు, కిటికీలోంచి చూస్తున్న ఇద్దరు పిల్లలు ఉన్నారు. రెండో తరగతి పాప "అంకుల్, లేటయితాదా?" అని అడగడం కూడా వినపడుతుంది. మధ్యాహ్నానికి అది తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఉంది. మర్నాడు ఒక స్థానిక పత్రికలో "మందుబాబులు" అనే హెడ్డింగు కింద ఆయన పేరు, తండ్రి పేరు, కాలనీ, ఫోటో వచ్చాయి. పద్నాలుగు మంది పిల్లల్లో ఐదుగురిని మాన్పించారు. తొమ్మిదో తరగతి చదివే సొంత కూతురు రోజూ ముందు సీట్లో నాన్న పక్కన కూర్చుని వెళ్లేది. ఇప్పుడు సైకిల్ మీద వెనక సందులోంచి పోతోంది.

ఆయన ప్రశ్నలు ఇవి. "అక్కా, నేను తాగి నడపలేదు, తాగింది రాత్రి. అయినా నేరమేనా? ఊదనని అనుంటే సరిపోయేదా? కోర్టు తేల్చకముందే నా పేరు, ఫోటో వేయొచ్చా? పరువు నష్టం కేసు వేయాలని ఉంది. మా బావ ఎవరికో డబ్బిచ్చి కేసు తీసేయిద్దామంటున్నాడు. ఏం చేయమంటారు?"

తమ్ముడూ, మీ ఉత్తరంలో "నేను తాగి నడపలేదు" అన్న మాట మూడు చోట్ల ఉంది. ముందు దాని సంగతి చూద్దాం. అది తేలకుండా మిగతావాటికి జవాబు చెబితే మిమ్మల్ని మోసం చేసినట్టే అవుతుంది.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మీరు ఎప్పుడు తాగారని అడగదు. బండి నడుపుతున్నప్పుడు 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి ఆల్కహాల్ ఉందా లేదా అన్నదే చూస్తుంది. మన ఒళ్లు దాన్ని గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున మాత్రమే తగ్గించుకుంటుంది. మనిషిని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతుందంతే. తలస్నానం, టీ, మజ్జిగ, నిమ్మరసం ఏవీ ఆ వేగాన్ని పెంచలేవు. మీలాంటి మామూలు బరువున్న మనిషి ఒక క్వార్టరు, ఒక బీరు తాగితే లెక్క 200 దగ్గరికి పోతుంది. అందుకే పొద్దున ఏడుకు 48 రావడంలో నాకు వింతేమీ కనిపించలేదు. మీరు తూలలేదు, మాట తడబడలేదు, ఒప్పుకుంటాను. కానీ ఎదురుగా కుక్కపిల్ల అడ్డం వస్తే బ్రేకు మీద కాలు పడటానికి పట్టే ఆ అర సెకను ఆలస్యం మనకు తెలియదు, తూలితేనే తెలుస్తుంది.

ఇంకొకటి. ఏడింటికి 48 ఉంటే, ఐదింటికి నార్పల రోడ్డు మీద చీకట్లో మీరు బైకు నడుపుతున్నప్పుడు 80 దగ్గర ఉండాలి. ఉత్తరంలో మీరు ఆ ప్రయాణాన్ని ఒక్క వాక్యంలో దాటేశారు. నేను దాటలేకపోయాను. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దగ్గర చిన్నటేకూరులో ఏం జరిగిందో మీకు తెలుసు. మద్యం మత్తులో ఉన్న ఒక కుర్రాడి బైకు హైవే మీద పడిపోయింది. వెనక వచ్చిన ప్రైవేటు బస్సు ఆ బైకు మీదికెక్కి ఈడ్చుకుపోయింది, మంటలు లేచాయి, ఆ కుర్రాడితో కలిపి 20 మంది పోయారు. ఆ మంటల వీడియో మీ గ్రూపులోని తల్లిదండ్రులందరూ చూసినవాళ్లే. మీ వీడియో చూసినప్పుడు వాళ్ల కళ్లముందు మెదిలింది అదే అయ్యుండొచ్చు. మిమ్మల్ని చిన్నబుచ్చాలని వాళ్లు పిల్లల్ని మాన్పించారని నేను అనుకోవడం లేదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు నా జవాబు: అవును, నేరమే. తెలియక జరిగిందన్నది శిక్ష తగ్గించమని అడగడానికి పనికొస్తుంది గానీ నేరం కాదనడానికి పనికిరాదు. అయితే ఈ తప్పు మీరు చేశారు కాబట్టి మిమ్మల్ని ఎవరేం చేసినా పడాలి అన్నది కూడా నేను ఒప్పుకోను. మీ తప్పు వేరు, మీ పట్ల జరిగిన తప్పు వేరు. ఉత్తరంలో మీరు రెండింటినీ ముడేశారు. మీ పట్ల జరిగిన తప్పు మీద కోపంతో మీ తప్పును కాదంటున్నారు. మీ బావ, మీ భార్య, ఆ గ్రూపువాళ్లు కూడా అదే చేస్తున్నారు.

ఊదనని అనుంటే? నష్టమే ఎక్కువ జరిగేది. అనుమానానికి కారణం ఉన్నప్పుడు యూనిఫాంలో ఉన్న పోలీసు ఊదమని అడగొచ్చని 203వ సెక్షన్ చెబుతోంది. కాదంటే వారంటు లేకుండా అరెస్టు చేయొచ్చు, స్టేషన్‌లో డాక్టరు చేత రక్తం తీయించవచ్చు. తగిన కారణం లేకుండా నిరాకరిస్తే, 205వ సెక్షన్ ప్రకారం ఆ నిరాకరణే మీకు వ్యతిరేకంగా నిలుస్తుంది. "నా మీద నేనే సాక్ష్యం ఇచ్చుకోను" అనే రాజ్యాంగ హక్కు ఇక్కడ అడ్డురాదు. వేలిముద్రల్లాంటివి ఇవ్వడం తన మీద తాను సాక్ష్యం చెప్పుకోవడం కాదని సుప్రీంకోర్టు 1961లోనే తేల్చింది. ఊపిరి, రక్తం కూడా ఆ కోవలోకే వస్తాయి.

కొత్త గొట్టం అడిగినందుకు మీ మీద కేకలేయడం మాత్రం తప్పే. వేరేవాళ్లు నోట్లో పెట్టుకున్నది నా నోట్లో పెట్టొద్దనడం పొగరు కాదు. ఊదే ముందు మిషన్ మీద సున్నా చూపించమనడం, రీడింగ్ కళ్లతో చూడటం, టైము, మిషన్ నంబరు ఉన్న స్లిప్పు అడగడం, అనుమానం ఉంటే పావుగంట ఆగి నీళ్లతో పుక్కిలించి మళ్లీ ఊదుతాననడం, రక్త పరీక్ష చేయించమనడం, ఇవన్నీ మర్యాదగా అడగవచ్చు. వీటన్నిటినీ చట్టం అక్షరాలా హక్కుగా రాసివ్వలేదు. కానీ అడిగినా ఇవ్వలేదన్న సంగతి రేపు కోర్టులో బరువున్న మాట. హోమియో మందు, మౌత్‌వాష్ వంటివి నోట్లో మిగిలినా మిషన్ కాసేపు తప్పు చూపిస్తుంది. 2025లో కేరళలోని పందళం ఆర్టీసీ డిపోలో బాగా మాగిన పనసతొనలు తిన్న డ్రైవర్లకు మిషన్ మోగింది. అలాంటివారికి ఆ పావుగంట ఉద్యోగం కాపాడుతుంది. మీకు అది వర్తించదు, మీకూ తెలుసు.

మీకు పనికొచ్చేది ఇంకోటి ఉంది. ఈ కేసులో అరెస్టు చేస్తే రెండు గంటల్లోపు డాక్టరు పరీక్ష జరగాలి, లేకపోతే వదిలేయాలి. 202వ సెక్షన్ మాట అది. మిమ్మల్ని నాలుగు గంటలు కూర్చోబెట్టారు, డాక్టరు మాట మీ ఉత్తరంలో ఎక్కడా లేదు. కాగితాల్లో అరెస్టు అని రాశారా, నోటీసు ఇచ్చి పంపామని రాశారా అన్నది చూడాలి. మీరు చదవకుండా సంతకం పెట్టిన ఆ కాగితం నకలు ముందు సంపాదించండి. లైసెన్సు తీసుకున్నందుకు రసీదు కూడా ఇవ్వాలి. ఇక వ్యాను. తాగి నడిపారన్న ఒక్క కారణంతో బండి పట్టుకోకూడదనీ, తాగని మనిషి గానీ బంధువు గానీ వస్తే అప్పగించాలనీ తెలంగాణ హైకోర్టు 2021లో చెప్పింది. ఆ తీర్పు మన రాష్ట్రంలో నేరుగా కట్టుబాటు కాకపోయినా మీ వకీలు చూపించుకోవచ్చు. బండి వచ్చేసింది కాబట్టి దాని మీద శ్రమ పెట్టొద్దని నా సలహా.

ఇక పేరు, ఫోటో. ఇక్కడ మీరు అనుకున్నంత తేలిక లేదు, ఎదుటివాళ్లు అనుకున్నంత స్వేచ్ఛా లేదు. అరెస్టయినవాళ్ల పేరు, చిరునామా, వాళ్ల మీదున్న నేరం పోలీస్ స్టేషన్‌లో, జిల్లా కేంద్రంలో బోర్డు మీద గానీ డిజిటల్‌గా గానీ పెట్టాలని 2024 జూలై నుంచి పాత సీఆర్పీసీ స్థానంలో అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితే, 37వ సెక్షన్లో, చెబుతోంది. ఫలానా మనిషి ఎక్కడున్నాడో ఇంటివాళ్లకు తెలియాలి, పోలీసులు దాచిపెట్టకూడదు అన్న ఉద్దేశం దాని వెనక ఉందని నేను అర్థం చేసుకున్నాను. అది మీ మేలు కోసం పెట్టిన బోర్డు. ఊదుతున్న మనిషి ముఖాన్ని వీధిలో తిప్పమని అందులో ఎక్కడా లేదు. 2020 మార్చిలో లక్నోలో, నిరసనల్లో ఆస్తులు ధ్వంసం చేశారన్న ఆరోపణ ఉన్నవాళ్ల ఫోటోలు, చిరునామాలతో ప్రభుత్వం హోర్డింగులు పెడితే అలహాబాద్ హైకోర్టు తనంతట తానే కేసు తీసుకుంది. ఏ చట్టం కింద పెట్టారని నిలదీసి, తీసేయమంది. సుప్రీంకోర్టు స్టే ఇవ్వకుండా ఆ సంగతిని పెద్ద బెంచికి పంపింది. వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లోనే తొమ్మిది మంది జడ్జీల బెంచి చెప్పి ఉంది.

పేర్లు వేస్తే మిగతావాళ్లు భయపడతారనే వాదన నాకు తెలుసు. చిన్నటేకూరు మర్నాడు నాకూ అంత కోపం వచ్చింది. కానీ పట్టుబడిన రోజున మనిషి నిందితుడు మాత్రమే. మిషన్ తప్పయినా, గుర్తింపు తప్పయినా, కోర్టు కొట్టేసినా ఆ హెడ్డింగును తర్వాత ఎవరూ దిద్దరు. "మందుబాబు" అన్న మాటే చూడండి. నిందితుడు అనరు, ఆరోపణ అనరు, ఒక్క మాటతో తీర్పు ఇచ్చేసి నవ్వు పుట్టిస్తారు. ఆ నవ్వు మీదాకా వచ్చి ఆగలేదు. పద్నాలుగేళ్ల పిల్ల సైకిల్‌ను వెనక సందులోకి తిప్పింది.

పరువు నష్టం కేసు వేయొచ్చా అంటే వేయొచ్చు. పాత ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షన్ కింద అది నేరం, రెండేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ వేస్తే ఏమవుతుందో వినండి. ప్రజల మేలు కోసం చెప్పిన నిజం పరువు నష్టం కాదని ఆ సెక్షనే అంటుంది. బోనులో నిలబెట్టి ఎదుటి వకీలు "రీడింగ్ ఎంత వచ్చింది? వ్యానులో ఎంతమంది పిల్లలున్నారు?" అని అడుగుతాడు. మీరు జవాబు చెప్పాలి. ఏళ్ల తరబడి వాయిదాలు. మరిచిపోబోతున్న ఊరికి ప్రతి వాయిదాకూ గుర్తుచేసినట్టవుతుంది. అయినా సరే అనుకుంటే అది మీ హక్కు, నేను కాదనను. హక్కులకు భంగం కలిగిందని హైకోర్టులో రిట్ పిటిషన్ వేయడం ఇంకో దారి. అమరావతి దాకా ఖర్చు, తిరుగుడు. పోలీసులే వీడియో బయటికి పంపారని రుజువు దొరికితే అప్పుడు ఆలోచించండి. రాష్ట్ర మానవ హక్కుల కమిషన్‌కు రాయడానికి ఖర్చు పెద్దగా లేదు, ఏడాది లోపు రాయాలి.

నాకు వీటన్నిటికంటే దగ్గరగా కనిపిస్తున్న దారి ఆ వీడియోలోనే ఉంది. ఆ ఇద్దరు పిల్లలు! వాళ్లు ఈ కేసుకు సాక్షులు. నేరానికి సాక్షులైన పిల్లల్ని గుర్తుపట్టేలా ఏదీ ప్రచారం చేయకూడదని 2015 నాటి బాల న్యాయ చట్టం, 74వ సెక్షన్లో, గట్టిగా చెబుతోంది. మీ పరువు కోసం అడిగితే "తాగినోడికి పరువేంది" అంటారు. ఆ పాప ముఖం, ఆ పాప గొంతు తీసేయమంటే ఎవరూ కాదనలేరు. నిజంగానే మీరు ఆ పిల్లల కోసం అడగాలి కూడా. గ్రూపు అడ్మిన్‌కు మీరు కాదు, ఆ పిల్లల తల్లిదండ్రులు రాస్తే ఇంకా మంచిది. అందుకు ముందు మీరు వాళ్లతో మాట్లాడాల్సి ఉంటుంది.

కోర్టు విషయంలో మీ ముందు ఉన్నవి రెండే దారులు. మీ బావ చెప్పేది దారి కాదు. ఈ నేరాన్ని రోడ్డు మీద డబ్బు కట్టి రాజీ చేసుకునే వీలు చట్టంలో లేదు, మేజిస్ట్రేటు ముందుకు పోవాల్సిందే. తీసేయిస్తానని ఎవరైనా డబ్బు తీసుకుంటే ఆ డబ్బూ పోతుంది, లంచం కేసు కొత్తగా మెడకు చుట్టుకుంటుంది.

ఒప్పుకుంటే మొదటిసారికి 10,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. పిల్లలున్న బండి కాబట్టి జడ్జిగారు కఠినంగా ఉండొచ్చు, ఆ మాట దాచను. త్వరగా తేలిపోతుంది గానీ నేరం రుజువైనట్టు రికార్డులో ఉంటుంది. ఇంకోసారి పట్టుబడితే రెండేళ్ల దాకా జైలు, లేదా 15,000 జరిమానా, లేదా రెండూ. లైసెన్సు కనీసం మూడు నెలలు సస్పెండ్ కావచ్చు, ఆ మూడు నెలలకు వేరే డ్రైవర్‌ను ఇప్పుడే చూసుకోండి. ఎదిరించి పోరాడితే, డాక్టరు పరీక్ష, స్లిప్పు, మిషన్ సరిచూసిన తేదీ, వీటి మీద వకీలు ప్రశ్నలు వేయవచ్చు. ఒట్టి వాసన, తూలడం వంటివి తాగినట్టు తేల్చడానికి చాలవని సుప్రీంకోర్టు 1971లో ఒక కేసులో అంది. కానీ మీ దగ్గర రీడింగ్ ఉంది, దాన్ని సాక్ష్యంగా చట్టం ఒప్పుకుంటుంది. పోరాడటం మీ హక్కు, రుజువు చేయమనడం అబద్ధం కాదు. బోనులో నిలబడి "చుక్క తాగలేదు" అనడం మాత్రం అబద్ధం, దానికి నేను సలహా ఇవ్వలేను. వకీలు ఫీజు కష్టమైతే జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థను అడగండి, 15100కు ఫోన్ చేసినా చెబుతారు. ఆదాయ పరిమితి లోపు ఉంటే ఉచితంగా ఇస్తారు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. 1997లో ఢిల్లీ స్కూలు బస్సుల విషయంలో సుప్రీంకోర్టు, తాగి నడిపినందుకు ఒక్కసారి చలానా పడినా ఆ డ్రైవర్‌ను పెట్టుకోవద్దంది. అది ఢిల్లీకి ఇచ్చిన ఆదేశమే. అయినా ఏ యాజమాన్యమైనా, ఏ తల్లైనా అదే కొలత పట్టుకోవచ్చు. స్కూలు పిల్లల పని మీకు మళ్లీ పూర్తిగా దొరకకపోవచ్చు. సరుకుల బాడుగలకు మారాలా అన్నది భార్యతో కూర్చుని ఇప్పుడే లెక్కేసుకోండి.

మిగిలిన తొమ్మిది మంది తల్లిదండ్రులకు చెప్పాలా అని మీరు అడగలేదు. చెప్పమనే అంటాను. వాట్సాప్‌లో కాదు, ఇంటికి వెళ్లి. "రాత్రి తాగాను, పొద్దునకు దిగిపోయిందనుకున్నాను, దిగలేదు. మీ పాప నా బండిలో ఉంది, క్షమించండి. కేసు తేలేదాకా నేను స్టీరింగ్ పట్టను, ఫలానా డ్రైవర్ నడుపుతాడు." ఇంతకన్నా ఎక్కువ వద్దు. పోలీసుల గొట్టం సంగతి అక్కడ ఎత్తకండి. కొందరు తలుపు తీయకపోవచ్చు, ఇంకొందరు మాన్పించవచ్చు. మొట్టమొదట ఆ రెండో తరగతి పాప ఇంటికి వెళ్లండి.

మీ అమ్మాయితో మాత్రం మీ ప్రశ్నలన్నీ పక్కన పెట్టి మాట్లాడండి. ఆ పిల్లకు సెక్షన్లు వద్దు. "నాన్న తాగి నడిపాడా లేదా" అని బడిలో అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక సందులోంచి పోతోంది. "రాత్రి తాగినాను అమ్మా, పొద్దున నడపకూడదు, నడిపినాను. తప్పు చేసింది నేను. ఆ వీడియో తీసి తిప్పడం మాత్రం వాళ్ల తప్పు" అని మీరు చెబితే తనకు చెప్పుకోవడానికి ఒక నిజం దొరుకుతుంది. ఏడిస్తే ఏడవనివ్వండి. ముందు సీట్లో కూర్చోమని బలవంతం చేయకండి. కొన్నాళ్లు మీరే తన సైకిల్ పక్కన నడిచి వెళ్లినా బాగుంటుంది. క్లాసులో ఎవరైనా ఏడిపిస్తుంటే క్లాస్ టీచర్‌ను మీ భార్య కలవాలి, మీరు కాదు.

ఇక ఈ వారం పని. సోమవారం ఎస్పీ ఆఫీసులో జనం అర్జీలు తీసుకునే గ్రీవెన్స్ ఉంటుంది. అర్జీ ఒక పేజీ దాటనివ్వకండి. మీ కేసు తప్పని అందులో రాయకండి. వీడియోలో పిల్లల ముఖాలున్నాయని, దాన్ని తీయించాలని, అది ఎక్కడి నుంచి బయటికి వచ్చిందో విచారించాలని మాత్రమే రాయండి. ఆ పిల్లల తల్లిదండ్రుల్లో ఒక్కరైనా సంతకం పెడితే బలం. వీడియోను, అది వచ్చిన గ్రూపు పేరు, టైము కనిపించే స్క్రీన్‌షాట్లను ఒక పెన్‌డ్రైవ్‌లో వేసుకుని పోండి. అర్జీ నంబరున్న రసీదు తీసుకోకుండా బయటికి రాకండి. సమన్లు వచ్చాక ఆ కాగితంలో ఏం రాశారో నాకు మళ్లీ రాయండి.